అంచు మసక

చీర వాపసొచ్చింది.
బెంగుళూరు నుంచి, అదే కవరు, అదే తాడు,
లోపల ఒక చీటీ:
"ఫోటోలో మామిడి చిగురు. ఇంట్లో చూస్తే వేపాకు."
పోను రాను కొరియరు పైసలు మా మీదనే.

పద్దెనిమిది రోజులు మా ఆయన గుంతల కాళ్లు వెట్టి నేసిన చీర
గట్టుప్పల్ కొచ్చి మంచం మీద పడుకుంది,
తీర్థం వోయొచ్చిన ముసలమ్మ లెక్క అలిసి.

చిట్యాలల పెండ్లిళ్ల ఫోటోలు తీసే బుచ్చిరాములు
డ్రోన్ కొనుక్కున్నడు, పాత కెమెరా అమ్ముతనన్నడు.
పదకొండు వేలు. మెడపట్టీ తెగింది,
ఒక బటను మీది బొమ్మ అరిగిపోయింది.
"ఆటోల వెట్టు వదినె, అంత అదే చూస్కుంటది."

అది చూస్కోలేదు.
తెల్ల ధోవతి ఆరేసి తీస్తే బూడిద.
నల్ల గొంగడి పరిచి తీస్తే బూడిద.
ఏది చూపెట్టినా నడిమి రంగుకే గుంజుతది,
పంచాయితీల పెద్దమనిషి లెక్క.
ఇద్దర్ని సగం సగం ఒప్పిచ్చి
ఇద్దరికీ అన్యాయం జేస్తది.

ఎం అనే అక్షరం కాడికి చక్రం తిప్పిన.

రాత్రి అన్నాలైనంక, ఆసు మూలకు జరిపి
గుండీలు ఒక్కొక్కటి ఒత్తి చూసుడే.
అపర్చరంటే కిటికీ, అది జెల్దినే తెల్సింది.
అంకె పెరిగితే సందు చిన్నగైతదని నమ్మనీకె
వారం వట్టింది.
ఎనిమిది కంటె పదహారు ఇరుకా?
మా ఆయన నవ్విండు: "నూలు నంబరు లెక్క గాదె.
ఎనభై కంటె నూట ఇరవై సన్నం గదా."
ఇరవై ఏండ్లు నూలు ముట్టిన చేతులు నావి,
ఆ మాట ముందుగల నాకెందుకు తట్టలేదో.

షటరు సంగతి నాడె చెప్పింది.
అరవయ్యో వంతు వెడితే నాడె లేదు, గాలిల తెల్ల గీత.
ఐదువందలో వంతుకు
పడుగు నడుమ ఆగి కూసుంది, నోట్లె పోగుతోటి.
గని ఆ బొమ్మల మా ఆయన చెయ్యి
పానం లేని చెయ్యి లెక్కుంది.
తీసేసిన. గీతనే ఉంచుకున్న.

ఐఎస్ఓ అప్పు లాంటిది.
చీకట్ల అక్కరకొస్తది,
పెంచిన కొద్దీ బొమ్మ నిండ ఇసుక రాలుతది, అది వడ్డీ.

ఇగ రంగు.
ట్యూబులైటు కింద పచ్చ నీలిగైతది, బల్బు కింద పసుపైతది.
అరిగిన బటను ఒత్తితే వరసగ లేచినయి
ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ, బల్బు బొమ్మ.
వైట్ బ్యాలెన్స్. పెండ్లి పందిట్లల్ల
బుచ్చిరాములు ఎక్కువ కొట్లాడింది దీనితోటే గావచ్చు.

మా మామ మార్కండయ్య యాదికొచ్చిండు.
రంగు తొట్టిలకెంచి తీసిన లడిని ఇంట్ల చూడకపోయేది.
వాకిట్లకు తెచ్చి, పొద్దు మీదికి రాకముందే,
ఉతికిన తెల్ల రుమాలు పక్కన వెట్టి చూసేటోడు.
"తెలుపు తెల్వనోనికి ఏ రంగూ తెల్వది" అనేటోడు.
ఆయన కెమెరా ముట్టింది లేదు.
ఫోటో గూడ రేషన్ కార్డు మీదిదే ఉన్నది.

తెల్లారి ఏడింటికి గడప కాడ చీర పరిచిన.
ముందుగాల కెమెరాకు ఆయన రుమాలు చూపెట్టిన.
పదైతే గుట్ట రాళ్ల మీది ఎండ తిరగవడి
చీర తెల్లవోతది, అందుకే ఏడింటికి.
పచ్చ, పచ్చగనే వచ్చింది.

బెంగుళూరామెకే పంపిన.
రంగు బాగుందన్నది.
"పువ్వు అంచులు మసకగున్నాయి, ఫోకస్ తప్పింది,
ఇంకోటి తీయండి."

కెమెరాల షార్ప్‌నెస్ అని ఒకటున్నది.
నాలుగు గీతలు పెంచిన.
పువ్వు కత్తితో కోసినట్టు లేచింది,
మిల్లుల అచ్చు గుద్దిన పువ్వు.
చూస్తుంటెనే మనసు అదోలాగైంది.
గీతలు వెనుకకు జరిపిన, సున్న దాక.

ఆమెకు రాసిన:
అమ్మా, అది ఫోకసు తప్పుడు గాదు.
సైకిలు ట్యూబు పేలికలతోటి పోగులు కట్టి రంగుల ముంచుతం.
ఎంత బిగిచ్చి కట్టినా ముడి కింద రంగు
ఇంతంత పాకుతది.
దాన్ని సాపు జేసే బటను ఇందుల ఉన్నది,
నేను ఒత్తలేదు.

రెండు నీలి టిక్కులు వడ్డయి.
జవాబు ఇంక రాలే.
ఎనిమిది గావస్తున్నది, వెలుగు ముదురుతున్నది,
ఇంకా మూడు చీరలు తియ్యాలె.